‘వదరింగ్ హైట్స్’ నవలను మొదటిసారి చదివేవారికి

ఎమిలీ బ్రాంటీ రాసిన నవల ఇదొక్కటే. 1847 డిసెంబరులో టి. సి. న్యూబీ అనే లండన్ ప్రచురణకర్త దీనిని ఎలిస్ బెల్ అనే మారుపేరుతో, ఆమె చెల్లెలు ఆన్ రాసిన చిన్న నవలతో కలిపి, మూడు సంపుటాలుగా వెలువరించాడు. అందులో మొదటి రెండు సంపుటాలు ‘వదరింగ్ హైట్స్’. మరుసటి ఏడాది డిసెంబరు 19న, ముప్పై ఏళ్ల వయసులో, ఎమిలీ కన్నుమూసింది.

ఇది లోకంలోని గొప్ప ప్రేమకథల్లో ఒకటని విని పుస్తకం తెరిచినవారిలో చాలామంది నాలుగైదు అధ్యాయాలకు మించి ముందుకు సాగరు. ఒకే పేరున్న మనుషులు, వెనక్కీ ముందుకీ నడిచే కథనం, అర్థంకాని యాసలో తిట్లు కురిపించే ముసలి నౌకరు మొదట్లోనే పాఠకుడిని విసిగిస్తారు. ఆ చిక్కు దాటినవారికి ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ప్రేమించదగిన నాయకుడి కోసం వెతుకుతుంటే కుక్కపిల్లను ఉరితీసే మనిషి కనిపిస్తాడు. ఈ నవలను ఆదర్శ ప్రేమకథగా కాకుండా, ఒక మోహం రెండు ఇళ్లనూ రెండు తరాలనూ ఎలా ధ్వంసం చేసిందో పేరుపేరునా నమోదు చేసిన పత్రంగా చదివితేనే దీని బలం పూర్తిగా తెలుస్తుందని నా నమ్మకం. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ దిశగా సాగేదే. కథ ముందే చెబుతున్నానని ఎవరూ బాధపడవలసిన పని లేదు. విధ్వంసం ఎక్కడికి చేరిందో నవలే మొదటి మూడు అధ్యాయాల్లో చూపించి, అది ఎలా జరిగిందో ఆ తరువాత చెప్పడం మొదలుపెడుతుంది.

చదవడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద రెండు కుటుంబాలను రాసుకోవాలి. కొండమీది పాత ఇల్లు వదరింగ్ హైట్స్‌లో ఎర్న్‌షా కుటుంబం ఉంటుంది. హిండ్లీ, కాథరిన్ అన్నాచెల్లెళ్లు. అక్కడికి నాలుగు మైళ్ల దూరాన, లోయలో ఉన్న సంపన్న గృహం థ్రష్‌క్రాస్ గ్రేంజ్ లింటన్ కుటుంబానిది. ఎడ్గర్, ఇసబెల్లా అన్నాచెల్లెళ్లు. ఈ రెండు ఇళ్ల మధ్యకు వచ్చిన మూడో మనిషి హీత్‌క్లిఫ్. పెద్ద ఎర్న్‌షా లివర్‌పూల్ వీధుల్లో దొరికిన ఒక అనాథ పిల్లవాడిని ఇంటికి తెచ్చి, చిన్నప్పుడే చనిపోయిన తన కొడుకు పేరు పెడతాడు. ఆ ఒక్క పేరే అతనికి ఇంటిపేరుగా కూడా పనిచేస్తుంది. కాథరిన్ ఎడ్గర్‌ను పెళ్లాడుతుంది, ఇసబెల్లా హీత్‌క్లిఫ్‌తో వెళ్లిపోతుంది. హిండ్లీ కొడుకు హేర్టన్, ఇసబెల్లా కొడుకు లింటన్, కాథరిన్ కూతురు రెండో కాథరిన్. ఈ అమ్మాయిని తండ్రి కాతీ అని పిలుస్తాడు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. ఇంగ్లీషు పాఠకులను తికమకపెట్టే ఈ రెండో తరం బంధుత్వం మనకు చిటికెలో అర్థమవుతుంది: కాతీకి హేర్టన్ మేనమామ కొడుకు, లింటన్ మేనత్త కొడుకు. ఇద్దరివీ మేనరికపు వరసలే. ఆమె మొదటి పెళ్లి బలవంతాన జరుగుతుంది, రెండో పెళ్లి ఇష్టపడి నిశ్చయించుకుంటుంది.

అదే కాగితం మీద కొన్ని సంవత్సరాలు కూడా వేసుకోవాలి. నవలలో మొట్టమొదట కనిపించేది 1801 అన్న అంకె. తరువాత 1778, 1802 అన్న రెండు చోట్ల తప్ప రచయిత్రి సంవత్సరాన్ని సూటిగా చెప్పదు. అయినా వయసులు, రుతువులు, పంటకోతల ప్రస్తావనలు పట్టుకుని లెక్కవేస్తే మొత్తం కాలక్రమం నిక్కచ్చిగా తేలుతుందని 1926లో సి. పి. సాంగర్ అనే న్యాయవాది చూపించాడు. ఉన్మాదంతో రాసినట్టు పైకి కనిపించే ఈ పుస్తకం వెనక అంత క్రమశిక్షణ ఉంది. మొదటిసారి చదివేవారికి ఈ మాత్రం చాలు: పిల్లవాడు ఇంటికి వచ్చినది 1771లో, పెద్ద ఎర్న్‌షా మరణం 1777లో, హీత్‌క్లిఫ్ ఇల్లు విడిచి పోవడం 1780లో, కాథరిన్ పెళ్లి, హీత్‌క్లిఫ్ తిరిగి రావడం రెండూ 1783లో, కాతీ పుట్టుక, తల్లి మరణం 1784 మార్చిలో ఒకే రాత్రి. ముప్పై నాలుగు అధ్యాయాల నవలలో కాథరిన్ పదహారో అధ్యాయంలోనే చనిపోతుందన్న సంగతిని గుర్తుంచుకోవాలి. మిగిలిన సగానికి పైగా ఆమె లేని పద్దెనిమిదేళ్ల కథ.

మొదటి మూడు అధ్యాయాలను నిదానంగా, అర్థంకానివాటి గురించి బెంగపెట్టుకోకుండా చదవాలి. గ్రేంజ్‌ను అద్దెకు తీసుకున్న లాక్‌వుడ్ అనే పట్నపు మనిషి ఇంటి యజమానిని చూడడానికి కొండమీదికి వెళ్లి, అక్కడ ప్రతి విషయాన్నీ తప్పుగా అర్థం చేసుకుంటాడు. చనిపోయిన కుందేళ్ల కుప్పను పిల్లులనుకుంటాడు. ఆ ఇంట్లోని యువతిని మొదట యజమాని భార్య అనుకుంటాడు, తరువాత హేర్టన్ భార్య అనుకుంటాడు. మొదటి కథకుడే ఇంత తప్పుగా చూసేవాడైనప్పుడు, చెప్పినదల్లా నమ్మకూడదన్న జాగ్రత్త పాఠకుడికి అక్కడే కలగాలి. మంచు కురిసి అక్కడే చిక్కుపడిన ఆ రాత్రి, అతను పడుకున్న పెట్టెమంచం పక్కన కిటికీ గట్టు మీద మూడు పేర్లు చెక్కి ఉంటాయి: కాథరిన్ ఎర్న్‌షా, కాథరిన్ హీత్‌క్లిఫ్, కాథరిన్ లింటన్. ఈ పేర్లను కాగితం మీద రాసి పెట్టుకోండి. తల్లి ఎర్న్‌షాగా పుట్టి, హీత్‌క్లిఫ్‌ను కోరుకుని, లింటన్‌గా చనిపోతుంది. కూతురు లింటన్‌గా పుట్టి, బలవంతపు పెళ్లితో హీత్‌క్లిఫ్ అయి, చివరకు ఎర్న్‌షా కాబోతుంది. తల్లి నడిచిన దారిలోనే కూతురు ఎదురు దిక్కుగా నడుస్తుంది. అదే రాత్రి కలలో కిటికీ పగిలిన అద్దంలోంచి ఒక చిన్నపిల్ల చెయ్యి లోపలికి వస్తే, ఎవరికీ హాని చేయని పెద్దమనిషిగా కనిపించే లాక్‌వుడ్ ఆ మణికట్టును అద్దపు పెంకు మీద రక్తం కారేదాకా రుద్దుతాడు. క్రూరత్వం హీత్‌క్లిఫ్ ఒక్కడి సొత్తు కాదని మూడో అధ్యాయంలోనే తెలుస్తుంది.

నాలుగో అధ్యాయం నుంచి కథ చెప్పేది నెల్లీ డీన్ అనే ఇంటి పనిమనిషి. ఆమె మాట సాఫీగా, ఇంపుగా ఉంటుంది కాబట్టి ఇక్కడి నుంచి చదువు వేగం అందుకుంటుంది. జోసెఫ్ అనే ముసలి నౌకరు యార్క్‌షైర్ యాసలో మాట్లాడే భాగాలు వచ్చినప్పుడు, ఒకసారి పైకి చదివి చూసి, అర్థం కాకపోతే దాటిపోవచ్చు; కథ తెగదు. ఎమిలీ మరణం తరువాత 1850లో అక్క షార్లట్ ఈ నవలను మళ్లీ ప్రచురించినప్పుడు, దక్షిణ ఇంగ్లండు పాఠకులకు అర్థం కావాలని ఆ యాసను కొంత సరిచేసింది. మీరు కొనే పుస్తకం 1847 నాటి పాఠాన్ని అనుసరించి, పుట అడుగున యాసకు వివరణలు ఇచ్చేదైతే మంచిది.

బాల్యానికి సంబంధించిన అధ్యాయాల్లో హీత్‌క్లిఫ్ మీద మీకు కలిగే జాలిని అణచుకోవద్దు. తండ్రి పోగానే హిండ్లీ అతనికి చదువు ఆపించి, నౌకర్లలో కలిపి, పొలం పనికి తోలి, కొరడాతో కొట్టించాడు. ఆ పిల్లవాడి పుట్టుక ఎవరికీ తెలియదు. నల్లని రంగు చూసి లింటన్ పెద్దాయన అతన్ని లాస్కర్ పిల్లవాడు కాబోలు అంటాడు. ఆ రోజుల్లో ఓడల్లో పనిచేసే భారతీయ నావికులను అలా పిలిచేవారు. వాళ్ల నాన్న చైనా చక్రవర్తో, అమ్మ హిందూదేశపు రాణో అయివుండవచ్చని నెల్లీ ఒకసారి ఓదార్పుగా అంటుంది. ఈ ఊహాగానాల్లో ఏదీ నిజమని నవల తేల్చదు. అయినా మన ప్రాంతపు పాఠకుడు ఆ పుటల దగ్గర కాస్త ఆగకుండా ఉండలేడు. జాలి కలగాలి, కానీ అది తీర్పుగా మారకూడదు. తనకు జరిగినదంతా హీత్‌క్లిఫ్ తరువాత హిండ్లీ కొడుకు హేర్టన్‌కు కావాలనే చేస్తాడు. ఒకే గాలి వంచితే ఈ చెట్టు కూడా ఆ చెట్టులాగే వంకరగా పెరుగుతుందో లేదో చూద్దామని తన నోటితోనే అంటాడు.

తొమ్మిదో అధ్యాయాన్ని రెండుసార్లు చదవాలి. ఈ నవలలోని ద్రోహం అంతా ఇక్కడే మొలకెత్తింది. వంటగదిలో నెల్లీ పసివాడైన హేర్టన్‌ను నిద్రపుచ్చుతూ ఉంటుంది. ఎడ్గర్‌ను పెళ్లాడతానని మాట ఇచ్చి వచ్చిన కాథరిన్, తాను చేసినది సరైనదేనా అని ఆమెను అడుగుతుంది. ఎడ్గర్ అందగాడు, ధనవంతుడు, తనను ప్రేమిస్తాడు. అతన్ని చేసుకుంటే ఈ చుట్టుపక్కల తనను మించిన స్త్రీ ఉండదు. తన అన్న హీత్‌క్లిఫ్‌ను ఇంత అధోగతికి తెచ్చాడు కాబట్టి ఇప్పుడు అతన్ని పెళ్లాడడం తనకు తలవంపులు అని ఆమె అంటుంది. గోడవారన బల్ల మీద కూర్చున్న హీత్‌క్లిఫ్ అంతవరకు విని, లేచి, చప్పుడు లేకుండా వెళ్లిపోతాడు. అతను వెళ్లిన తరువాతే ఆమె తన ప్రాణమే అతనని, తానే హీత్‌క్లిఫ్ అని, ఎడ్గర్ డబ్బుతో అతన్ని తన అన్న చేతికిందనుంచి పైకి తీసుకువస్తానని చెబుతుంది.

ఈ సన్నివేశాన్ని చదివేటప్పుడు ఆమె ఏం చెప్పింది, అతను ఎంతవరకు విన్నాడు, ఎవరికి తెలిసి ఎవరు చెప్పలేదు అన్న మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మూడో ప్రశ్నకు సమాధానం నెల్లీ. హీత్‌క్లిఫ్ అక్కడ ఉండడం, లేచి వెళ్లడం ఆమె చూసింది, వెంటనే చెప్పలేదు. చెప్పి ఉంటే కాథరిన్ తలుపు దాకా పరుగెత్తేది. ఎవరు ఎవరికి ద్రోహం చేశారన్న ప్రశ్నకు ఇక్కడ తేలికైన జవాబు లేదు. ప్రేమించినవాడి కోసమే మరొకరిని పెళ్లాడుతున్నానని కాథరిన్ నిజంగానే నమ్ముతోంది. ఆ నమ్మకంలో ఎడ్గర్ ఒక సాధనం మాత్రమే అయ్యాడని ఆమెకు తోచనే లేదు. నా దృష్టిలో ఆమె చేసిన మొదటి ద్రోహం ఎడ్గర్‌కే జరిగింది. దాని గురించి పాఠకులు తగినంత మాట్లాడరు.

కాగితం వెనక వైపు ఇక్కడి నుంచి ఒక జాబితా మొదలుపెట్టండి. ఈ ప్రేమ వల్ల దెబ్బతిన్న ప్రతి మనిషి పేరు, దెబ్బ ఏమిటో పక్కన రాస్తూ పోవాలి. ఆ రాత్రి కాథరిన్ వానలో తడుస్తూ హీత్‌క్లిఫ్ కోసం ఎదురుచూసి జ్వరంతో మంచం పడుతుంది. కోలుకుంటుందని దయతో గ్రేంజ్‌కు తీసుకుపోయిన ఎడ్గర్ తల్లిదండ్రులకు అదే జ్వరం అంటుకుని, కొద్దిరోజుల తేడాతో ఇద్దరూ మరణిస్తారు. జాబితాలో మొదటి ఇద్దరు వారే. నవల ఆ మరణాలను ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతుంది కాబట్టి, చేతిలో కలం లేని పాఠకుడు వాటిని మరచిపోతాడు. ఈ జాబితాను సిఫారసు చేయడానికి కారణం అదే. ప్రేమికుల వేదన ఎంత గట్టిగా వినిపిస్తుందంటే, పక్కన కూలుతున్నవారి చప్పుడు మనకు చేరదు.

ఇసబెల్లా పేరు వచ్చినప్పుడు మరింత శ్రద్ధ చూపాలి. హీత్‌క్లిఫ్‌ను నవలల్లో కనిపించే వీరుడిగా ఊహించుకుని ఇల్లు విడిచి వెళ్లిన పద్దెనిమిదేళ్ల పిల్ల ఆమె. అతను పైకి కఠినుడైనా లోపల మెత్తనివాడని ఆమె నమ్మింది. వెళ్లిన రాత్రే ఆమె కుక్కపిల్లను అతను ఉరివేశాడని, అయినా ఆమె కళ్లు తెరుచుకోలేదని పద్నాలుగో అధ్యాయంలో హీత్‌క్లిఫ్ స్వయంగా ఈసడిస్తూ చెబుతాడు. తరువాత అతను విసిరిన కత్తి ఆమె చెవి కింద తగులుతుంది. చివరికి ఆమె గర్భంతో పారిపోయి, లండన్ దరిదాపుల్లో కొడుకును కని, పరాయిచోటే చనిపోతుంది. ఈ నవలను తప్పుగా చదివే పాఠకురాలిని రచయిత్రి నవలలోనే ఒక పాత్రగా పెట్టింది. హీత్‌క్లిఫ్‌ను ఆదర్శ ప్రేమికుడిగా కొనియాడే ముందు ఇసబెల్లా ఉత్తరం ఉన్న పదమూడో అధ్యాయాన్ని మరోసారి చదవాలని నా విన్నపం.

పదిహేనో అధ్యాయంలో కాథరిన్, హీత్‌క్లిఫ్ చివరిసారి కలుసుకుంటారు. ఎంతో తీవ్రమైన సన్నివేశం ఇది. మధ్యలో ఆగకుండా ఒక్క బిగిన చదవాలి. నీ హృదయానికి నువ్వే ఎందుకు ద్రోహం చేసుకున్నావని అతను నిలదీస్తాడు. తనను చంపినవారిని ప్రేమించగలను గానీ ఆమెను చంపినవారిని ఎలా ప్రేమించేదని అంటాడు. ఆ రెండు హత్యలూ ఆమెవేనని అతని భావం. తనను చంపినది మీరిద్దరేనని ఆమె అతన్నీ ఎడ్గర్‌నూ కలిపి నిందిస్తుంది. మాటల ఉద్ధృతిలో కొట్టుకుపోకుండా ఒక చిన్న వివరాన్ని పట్టుకోండి: అతను వదిలిన తరువాత ఆమె పాలిపోయిన చేతి మీద నాలుగు నీలిగుర్తులు మిగిలి ఉన్నాయని నెల్లీ గమనిస్తుంది. ఏడు నెలల గర్భిణి, చావుకు సిద్ధంగా ఉన్న మనిషి మీద ప్రేమ వేసిన ముద్ర అది. ఆ రాత్రే బిడ్డను కని ఆమె చనిపోతుంది.

పదిహేడో అధ్యాయం ముగిశాక పుస్తకాన్ని ఒకటి రెండు రోజులు పక్కన పెట్టడం మంచిది. కథలో పన్నెండేళ్లు గడిచి, కొత్త తరం వస్తుంది. విలియం వైలర్ 1939లో తీసిన ప్రసిద్ధ చిత్రం ఈ రెండో సగాన్ని పూర్తిగా వదిలేసింది. సినిమా మాత్రమే చూసినవారికి ఇది ప్రేమకథగా మిగిలిపోవడానికి అదొక కారణం. రెండో సగం చదవకపోతే ఈ నవలను చదవనట్టేనని గట్టిగా చెబుతాను.

ఈ భాగంలో పగ ఆస్తి రూపంలో నడుస్తుంది కాబట్టి ఆనాటి చట్టం కొంచెం తెలిసి ఉండాలి. జూదానికి డబ్బు కోసం హిండ్లీ తన భూమినంతా తాకట్టు పెట్టాడు. తాకట్టు పట్టినవాడు హీత్‌క్లిఫ్. హిండ్లీ చనిపోగానే వదరింగ్ హైట్స్ అతని చేతికి వచ్చింది, వారసుడైన హేర్టన్ సొంత ఇంట్లో జీతం లేని పనివాడయ్యాడు. గ్రేంజ్ విషయం ఇంకా మెలికతో కూడుకున్నది. ఎడ్గర్‌కు కొడుకులు లేకపోతే ఆ భూమి కూతురికి రాదు, ఇసబెల్లా సంతానానికి పోతుంది. కాతీకి మిగిలేది చరాస్తి మాత్రమే. 1870లోనూ 1882లోనూ కొత్త చట్టాలు వచ్చేదాకా ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ చరాస్తి భర్త వశమయ్యేది. అందుకే హీత్‌క్లిఫ్ రోగిష్టి అయిన తన కొడుకుకు కాతీని కట్టబెట్టడానికి ఆమెనూ నెల్లీనీ తన ఇంట్లో బంధిస్తాడు, కాతీ మీద చెయ్యి చేసుకుంటాడు. కూతురి సొమ్ము కాపాడాలని వీలునామా మార్చడానికి ఎడ్గర్ పిలిపించిన వకీలు అప్పటికే హీత్‌క్లిఫ్‌కు అమ్ముడుపోయి ఆలస్యం చేస్తాడు. కొడుకు కొద్దికాలానికే చనిపోయినా, వాడి చేత రాయించుకున్న వీలునామాతో సొమ్ము తండ్రికి దక్కుతుంది. ఇదంతా ఒకసారి అర్థమైతే, హీత్‌క్లిఫ్ ఆవేశంతో ఊగిపోయే మనిషే కాక ఏళ్ల తరబడి ఓపికగా పథకం వేసే మనిషి అని కూడా తెలుస్తుంది. జాబితాలో ఈ పిల్లల పేర్లు చేర్చేటప్పుడు, కాథరిన్ వలచిన మనిషి ఆమె సొంత కూతురిని ఇలా చేశాడన్న వాక్యాన్ని పక్కన రాయండి.

ఇరవై తొమ్మిదో అధ్యాయంలో హీత్‌క్లిఫ్, ఎడ్గర్ సమాధి తవ్విస్తున్నప్పుడు కాథరిన్ శవపేటిక మూత తీయించి చూశానని, తాను చనిపోయాక పక్కనే పూడ్చి ఇద్దరి పేటికల పక్క పలకలు తొలగించేలా కాటికాపరికి డబ్బిచ్చానని చెబుతాడు. కొందరికి ఇది పరమ ప్రేమగా కనిపిస్తుంది, కొందరికి ఒళ్లు జలదరిస్తుంది. రెండూ ఒకేసారి కలగనివ్వండి. ఏదో ఒకటి ఎంచుకోమని నవల అడగదు.

చివరి మూడు అధ్యాయాలను త్వరగా ముగించాలని తొందరపడవద్దు. చదువు రాదని తాను ఎగతాళి చేసిన హేర్టన్‌కు కాతీ అక్షరాలు నేర్పడం, అతను మొండితనం వదిలి నేర్చుకోవడం చాలా మామూలుగా, చిన్న చిన్న సంఘటనలతో సాగుతాయి. అదే సమయంలో హీత్‌క్లిఫ్ తనకు ఇక ధ్వంసం చేయాలన్న కోరికే లేదని నెల్లీతో అంటాడు. ఆ ఇద్దరి కళ్లూ కాథరిన్ కళ్లేనని నెల్లీ గమనిస్తుంది. పద్దెనిమిదేళ్ల పగ చేతికి అందిన క్షణంలో రుచి కోల్పోయింది. ఇది అతని పశ్చాత్తాపమని కొందరు విమర్శకులు అంటారు. నాకు అలా అనిపించదు, ఎందుకంటే తాను ఏ అన్యాయమూ చేయలేదని అతను చివరి అధ్యాయంలో కూడా అంటాడు. మీరు ఆ పుటలు చదివి మీ జాబితాను ఎదురుగా పెట్టుకుని నిర్ణయించుకోండి.

రెండోసారి చదివేటప్పుడు ప్రేమికులను వదిలి నెల్లీ ఒక్కతెనే వెంబడించాలి. తొమ్మిదో అధ్యాయంలో ఆమె మౌనం, పదకొండు పన్నెండు అధ్యాయాల్లో కాథరిన్ మూడు రోజులు తిండి మానినా ఎడ్గర్‌కు సరిగ్గా చెప్పకపోవడం, పద్నాలుగో అధ్యాయం చివర హీత్‌క్లిఫ్ ఉత్తరాన్ని తీసుకుపోవడానికి ఒప్పుకోవడం, తరువాత కాతీ దాచుకున్న ఉత్తరాలను కాల్చివేయడం అన్నీ గుర్తుపెట్టుకుంటూ పోతే, ప్రతి మలుపులోనూ ఆమె చెయ్యి కనిపిస్తుంది. ఆమె ప్రతిసారీ మంచి ఉద్దేశంతోనే చేశానంటుంది, చాలాసార్లు అది నిజమే. మొదటిసారి రాసుకున్న జాబితాలో ఆమె పేరు లేకపోతే, ఎక్కడ చేర్చాలో ఈసారి చూడండి.